టీఏ క్యాంపుకు పోలేకపోతే: ఎన్నో రోజున ఏం జరుగుతుంది, ఏ కాగితం ఎప్పుడు పెట్టాలి

టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) అంటే సొంత పని చేసుకుంటూనే పిలిచినప్పుడు సైన్యంలో పనిచేసే దళం. అందులో చేరిన మనిషి ఏడాదిలో ఎక్కువ నెలలు మామూలు పౌరుడే. కాజీపేటలో దుకాణం నడుపుకోవచ్చు, పరకాలలో పంతులుగా పని చేయొచ్చు. ప్రొవిన్షియల్ యూనిట్లలో (రైల్వే లాంటి శాఖలవి కాని, మామూలు పౌరులు చేరే యూనిట్లు) ఏటా రెండు నెలలు ట్రైనింగ్ క్యాంపు ఉంటుంది. చేరిన మొదటి ఏడాది రిక్రూట్ ట్రైనింగ్ అదనం. ఆ పిలుపు పెళ్లిళ్ల సీజన్‌లోనో, వరి కోతలప్పుడో వస్తే "ఈ ఒక్కసారికి పోకుంటే ఏమైతది" అన్న మాట ఇంట్లోనే పుడుతుంది. ఏమవుతుందన్నది మీరు ఎన్ని రోజులు పోలేదు, ముందే చెప్పారా లేదా అన్న రెండింటి మీద ఉంటుంది. పోకపోవడం కంటే చెప్పకపోవడమే ఎక్కువ మందిని ముంచుతుంది.

ముందు ఆర్డర్ సరిగా చదవండి

వచ్చింది ఏటా జరిగే ట్రైనింగ్ క్యాంపుకా, ఎంబాడిమెంట్‌కా అన్నది మొదట చూడాలి. రెండింటినీ ఊళ్లో "క్యాంపు" అనే అంటారు గానీ తేడా చాలా ఉంది. ఎంబాడిమెంట్ అంటే యూనిట్ మొత్తాన్ని రెగ్యులర్ ఆర్మీకి తోడుగా డ్యూటీకి పిలవడం. అది నెలలతో ఆగదు, ఏళ్లు సాగొచ్చు. 2025 మేలో కేంద్రం టీఏ నియమాల కింద ఆర్మీ చీఫ్‌కు పిలుపు అధికారం ఇచ్చి, 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించేందుకు వీలు కల్పించింది. అలాంటి పిలుపును క్యాంపు అనుకుని ఊరికే ఉంటే కేసు బరువు వేరుగా ఉంటుంది.

తర్వాత రిపోర్టు చేయాల్సిన తేదీ, టైము, చోటు చూడండి. "ఫలానా తేదీ ఉదయం ఎనిమిదింటికి" అని ఉంటే ముందు రోజు రాత్రికే అక్కడ ఉండేలా బయలుదేరాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే కదా, తెల్లవారుజామున బండెక్కితే సరిపోతుందని లెక్క వేసుకున్నవాళ్లే జనగామ దాటాక రైలు ఆగితే ఇరుక్కుంటారు.

ఆర్డర్ అసలు చేతికే రాకపోవడం ఇంకో తలనొప్పి. రికార్డులో ఊరి చిరునామా ఉంటుంది, మనిషి హన్మకొండలో అద్దె గదిలో ఉంటాడు. పోస్ట్‌మన్ కవరు అన్న చేతికి ఇస్తాడు, అది టీవీ మీద పడి ఉంటుంది. ఇల్లు మారినా, ఫోన్ నంబర్ మారినా యూనిట్ హెడ్ క్లర్క్‌కు రాసి పంపండి. "నాకు అందలేదు" అన్న మాట, చిరునామా మార్చినట్టు కాగితం ఉంటేనే నిలబడుతుంది.

పోలేనని తెలిసిన రోజే చేయాల్సినవి

ఫోన్ చేయండి. ముందు కంపెనీ హవల్దార్ మేజర్‌కు లేదా సీనియర్ జేసీఓకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), దొరక్కపోతే అడ్జుటెంట్ (యూనిట్ పాలనా పనులు చూసే ఆఫీసర్) ఆఫీసుకు. ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసి పెట్టుకోండి. ఫోన్‌తోనే పని అయిపోయిందనుకోవద్దు. మౌఖికంగా "సరే, చూద్దాం" అన్నవాళ్లు రేపు మరో పోస్టింగ్‌కు పోతారు.

ఆ రోజే కమాండింగ్ ఆఫీసర్ పేరున అర్జీ రాయండి. అర్ధ పేజీ చాలు. అందులో ఇవి తప్పకుండా ఉండాలి: ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు, కంపెనీ, పిలుపు లేఖ నంబర్, తేదీ, రిపోర్టు చేయాల్సిన తేదీ, పోలేని కారణం ఒక్క వాక్యంలో, ఏ తేదీకి తప్పకుండా వస్తారో, ఇప్పుడున్న చిరునామా, ఫోన్ నంబర్. చివరి తేదీ రాయని అర్జీ సగం అర్జీ. "కొన్ని రోజులు గడువు ఇప్పించగలరు" అంటే ఆఫీసర్ దేన్ని మంజూరు చేయాలి? "12వ తేదీ ఉదయానికి రిపోర్టు చేస్తాను, అప్పటిదాకా 8 రోజుల గడువు కోరుతున్నాను" అని రాస్తే దాని మీద సంతకం పెట్టడం సులువు. హిందీలో గానీ ఇంగ్లిషులో గానీ రాయండి. తెలుగు అర్జీ యూనిట్‌లో చదివేవాళ్లు లేక పక్కన పడిపోతుంది.

పోస్టులో వేయకముందే అర్జీనీ, రుజువునూ ఫొటో తీసి యూనిట్ ఈమెయిల్‌కూ, మీరు మాట్లాడిన జేసీఓ వాట్సాప్‌కూ పంపండి. అసలు ప్రతిని స్పీడ్ పోస్టులో వేసి రసీదు దాచుకోండి. పాతవాళ్లు ఇప్పటికీ "టెలిగ్రామ్ కొట్టు" అని సలహా ఇస్తుంటారు. ఆ సేవ 2013 జులైలోనే మూతపడింది.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు: అర్జీ పంపితే గడువు వచ్చినట్టే అనుకుంటారు. మంజూరు అయ్యిందని జవాబు వచ్చేదాకా మీకు గడువు లేనట్టే. రెండు రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ ఫోన్ చేయాలి, కాదన్నారంటే బయలుదేరాలి.

ఏ కారణం నిలుస్తుంది, ఏది నిలవదు

జబ్బు నిలుస్తుంది, కానీ కాగితాన్ని బట్టి. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీకి విలువ లేదు. ప్రైవేటు డాక్టర్ ఇచ్చిన "15 రోజులు విశ్రాంతి" సర్టిఫికెట్‌నూ అనుమానంగానే చూస్తారు, ముఖ్యంగా క్యాంపు మొదలైన తర్వాత తేదీతో వస్తే. వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, ఓపీ చీటీ, ఇన్‌పేషెంట్ నంబర్, డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు దాచిపెట్టుకోండి. కదలగలిగే స్థితిలో ఉంటే సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌కు రావాలా అని యూనిట్‌నే అడగండి. వాళ్ల సొంత డాక్టర్ చూసి రాసిన మాటకు ఎదురు ప్రశ్న ఉండదు.

ఇంట్లో చావు అయితే సాధారణంగా కాదనరు, కానీ చెప్పాలి. ఫోన్ అంత్యక్రియల రోజే పోవాలి, దినాలు అయిపోయాక కాదు. మీరే మాట్లాడే స్థితిలో లేకపోతే బావమరిదో, తమ్ముడో చేసినా సరే. పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణ ధ్రువీకరణ తీసుకుని వెంట తీసుకుపోండి.

వానలు, వరదల విషయంలో రుజువు మీ ఫోన్‌లోనే ఉంటుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ లైన్‌లో రైళ్లు ఆగిపోయాయి. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. అలాంటప్పుడు టికెట్, రైలు రద్దయినట్టు వచ్చిన మెసేజ్ చెరిపేయకుండా ఉంచండి. దారి తెరిచిన రోజే బయలుదేరినట్టు రెండో టికెట్ కూడా ఉంటే వివరణ ఇంకేమీ అక్కర్లేదు.

చెల్లె పెళ్లి, భార్య కాన్పు, పోటీ పరీక్ష: ఇవి ముందే అడిగితే నాలుగు రోజులు దొరికే కారణాలు, తర్వాత చెబితే సాకులు. శుభలేఖో, హాల్ టికెట్టో జత చేయండి. కోతలు, మేడారం జాతర లాంటివి రాయకపోవడమే మేలు. జాతరకు పోవాలనుంటే క్యాంపులో చేరి సెలవు అడగండి. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్లిష్టం.

యజమాని పంపనంటే

ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామంది క్యాంపు ఎగ్గొట్టేది యజమానికి భయపడే. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం ఇక్కడ మీ పక్షం. మిలిటరీ సర్వీసు ముగిసి వచ్చిన మనిషిని, మునుపటి కంటే తక్కువ కాని షరతులతో తిరిగి పనిలోకి తీసుకోవడం యజమాని బాధ్యత. కాదంటే నిర్ణీత అధికారి ముందు పెట్టొచ్చు. ఆయన తిరిగి తీసుకోమని ఆదేశించవచ్చు, లేదా ఆరు నెలల జీతానికి మించని పరిహారం ఇప్పించవచ్చు, యజమాని చెప్పిన కారణం న్యాయమైతే మినహాయించనూ వచ్చు. దీనికోసం చేయాల్సింది చిన్న పనే: పిలుపు లేఖ నకలు యజమానికి ఇచ్చి, మీ ప్రతి మీద "అందింది" అని సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టనంటే నకలును స్పీడ్ పోస్టులో పంపండి. ప్రభుత్వ ఉద్యోగులు తమ శాఖ నుంచి ముందే ఉత్తర్వు తీసుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక ఆ రోజుల జీతం బిల్లు ట్రెజరీలో నిలిచిపోతుంది.

చెప్పకుండా పోకపోతే: రోజుల లెక్క

పిలుపు మీద వచ్చినప్పుడు, ఎంబాడీ అయినప్పుడు టీఏ మనిషికి 1950 నాటి ఆర్మీ యాక్టు వర్తిస్తుంది. సెలవు లేకుండా గైర్హాజరు కావడం, సెలవు దాటి ఉండిపోవడం రెండూ 39వ సెక్షన్ కిందకే వస్తాయి. కోర్టు మార్షల్‌లో (సైనిక కోర్టులో) గరిష్ఠంగా మూడేళ్ల జైలు. ఇది కాగితం మీద పెద్ద అంకె. రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చినవాణ్ని కమాండింగ్ ఆఫీసర్ తన ముందు నిలబెట్టి విచారించి, 80వ సెక్షన్ కింద సమరీగా, అంటే కోర్టు మార్షల్ దాకా పోకుండా తానే తేల్చేయొచ్చు. ఆ శిక్ష మందలింపు నుంచి 28 రోజుల మిలిటరీ కస్టడీ దాకా ఉండొచ్చు. లేని రోజులకు జీతం కోత ఎలాగూ ఉంటుంది.

పైకి చిన్నగా కనిపించి ఎక్కువ కాలం వెంటాడేది రెడ్ ఇంక్ ఎంట్రీ. కాండక్ట్ షీట్‌లో (ప్రవర్తన రికార్డులో) ఎర్ర సిరాతో పడే ఆ రాత ప్రమోషన్ బోర్డుకు మొదట కనిపిస్తుంది. నాలుగు పడితే ఇంటికి పంపే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. నాలుగు పడ్డాయని యాంత్రికంగా తీసేయకూడదు, విచారణ జరగాలని సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి షో కాజ్ నోటీసు వస్తే జవాబు రాయకుండా వదలకండి. ఇంకోటి, టీఏలో పెన్షన్‌కు ఎంబాడీ అయిన సర్వీసు మొత్తం కలిపి లెక్కకొస్తుంది: జేసీఓలు, జవాన్లకు 15 ఏళ్లు, ఆఫీసర్లకు 20 ఏళ్లు. లేని రోజులు ఆ లెక్కలో చేరవు.

ముప్పై రోజులు దాటితే దారి మారుతుంది. 106వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (యూనిట్ వేసే విచారణ బృందం) కూర్చుని, మీరు లేరని, మీ దగ్గరున్న కిట్‌లో ఏవి తిరిగి రాలేదని రాసుకుంటుంది. ఆ తర్వాత లొంగిపోకపోతే, పట్టుబడకపోతే మిమ్మల్ని డిజర్టర్‌గా (సర్వీసు వదిలి పారిపోయినవాడిగా) లెక్కిస్తారు. అప్పటికే వెళ్లి ఉండకపోతే, ఇంటి చిరునామాతో అప్రిహెన్షన్ రోల్ (పట్టుకోమని కోరే కాగితం) జిల్లా పోలీసులకు వెళ్తుంది. డిజర్టర్ అని సహేతుకంగా నమ్మితే పోలీసు వారంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. కానిస్టేబుల్ ముందు సర్పంచ్‌ను అడుగుతాడు, దాంతో ఊరంతా తెలుస్తుంది.

డిజర్షన్‌కు శిక్ష మామూలు పరిస్థితుల్లో ఏడేళ్ల దాకా. యాక్టివ్ సర్వీసులో (యుద్ధం లాంటి విధుల్లో) ఉండగా, లేదా దానికి పోవాలని ఆర్డర్ ఉండగా చేస్తే చట్టంలో మరణశిక్ష దాకా ఉంది. గైర్హాజరుకూ డిజర్షన్‌కూ మధ్య గీత ఉద్దేశం: తిరిగి రావద్దనుకున్నారా, ఫలానా డ్యూటీ తప్పించుకోవాలనుకున్నారా అని చూస్తారు. యూనిఫాం అమ్మేయడం, ఐడీ కార్డు పారేయడం, ఫోన్ నంబర్ మార్చేయడం, వేరే పేరుతో పనికి కుదరడం ఆ ఉద్దేశానికి సాక్ష్యాలవుతాయి. కిట్, కార్డు భద్రంగా ఉంచి, నంబర్ మార్చకుండా ఉన్నవాడి మాట కాస్త వింటారు.

"మూడేళ్లు దాక్కుంటే కేసు పోతది" అన్నది చాయ్ దుకాణం చట్టం. కోర్టు మార్షల్‌కు మూడేళ్ల గడువు ఉన్నది నిజమే, కానీ డిజర్షన్‌కు అది వర్తించదు.

ఆలస్యమైపోయిందా? తిరిగి పోయే పద్ధతి

ఎన్నో రోజైనా సొంతంగా పోవడం, పట్టుకొస్తే పోవడం ఒకటి కాదు. ముందు ఫోన్ చేసి వస్తున్నట్టు చెప్పండి. యూనిట్ దూరంగా ఉంటే సికింద్రాబాద్‌లోని ఆర్మీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో రిపోర్టు చేయొచ్చు. ఎక్కడ చేసినా తేదీ, గంటలతో రాతపూర్వక రసీదు అడిగి తీసుకోండి. మీ గైర్హాజరు ఆ నిమిషంతో ఆగుతుంది కాబట్టి ఆ కాగితం కీలకం. ఐడీ కార్డు, పిలుపు లేఖ, కిట్ మొత్తం, ఆసుపత్రి కాగితాల అసలు ప్రతులు, వాటి రెండు నకళ్లు వెంట ఉండాలి. వివరణ రాయమంటే తేదీలవారీగా జరిగింది రాయండి. లేని జబ్బు కల్పించవద్దు. సర్టిఫికెట్ దొంగదని తేలితే గైర్హాజరుకు తోడు మోసం కేసూ తగులుకుంటుంది.

కలిపి చూడకూడనివి

ఎన్‌సీసీ క్యాంపు మానేస్తే జైలు అన్నది అబద్ధం. క్యాడెట్‌కు మిలిటరీ సర్వీసు బాధ్యతే లేదు, పోయేది సర్టిఫికెట్ అర్హత మాత్రమే. రెగ్యులర్ ఆర్మీ నుంచి వచ్చిన జవాన్ల సంగతి వేరు: డిశ్చార్జి బుక్‌లో రిజర్వు బాధ్యత రాసి ఉంటే, ఆ కాలంలో పిలిస్తే 1888 నాటి రిజర్వు దళాల చట్టం ప్రకారం పోవాలి. సరైన కారణం లేకుండా పోకపోవడం ఆ చట్టం కింద నేరం. ఆ పేజీ ఒకసారి తీసి చూసుకోండి, అర్థం కాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించండి.

గల్ఫ్ వీసా వస్తే

జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇది తరచూ ఎదురయ్యే ముడి. మస్కట్‌కో, దుబాయ్‌కో రెండేళ్ల వీసా వస్తుంది, మనిషి యూనిట్‌కు చెప్పకుండా ఎగిరిపోతాడు. ఆ రెండేళ్లలో వచ్చిన ప్రతి పిలుపుకూ గైర్హాజరే. తిరిగి రాని ఉద్దేశానికి వీసా కాగితమే సాక్ష్యం. ఒకటి, రెండు నెలల ప్రయాణమైతే రాతపూర్వక అనుమతి తీసుకోండి. రెండేళ్లకు పోయేదైతే ఒప్పంద కాలం ముగియకముందే స్వచ్ఛంద డిశ్చార్జి కోరుతూ అర్జీ పెట్టండి, కిట్ అప్పజెప్పి రసీదు తీసుకోండి. డిశ్చార్జి ఉత్తర్వు చేతికి అందాకే ఏజెంటుకు డబ్బు కట్టండి.