ముందు ట్రైపాడ్, గింబల్ తర్వాతే: షార్ట్ ఫిల్మ్ తీసే స్టూడెంట్స్‌కి కెమెరా పని

షార్ట్ ఫిల్మ్ తీద్దామని నలుగురు ఫ్రెండ్స్ చాయ్ దగ్గర కూర్చుంటే పావుగంటలోనే మాట గింబల్ (నడుస్తూ తీసినా కెమెరా కుదుపులు తగలకుండా పట్టే పరికరం) మీదికి, డ్రోన్ మీదికి వెళ్లిపోతుంది. హైదరాబాద్ కృష్ణానగర్ సందుల్లో అద్దెకు దొరకని సామాను లేదు కాబట్టి తెచ్చేస్తారు కూడా. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే ప్రతి షాట్‌లో కెమెరా తేలుతూ తిరుగుతూ ఉంటుంది, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో తెలియదు, ఒక షాట్ పక్కన ఇంకో షాట్ అతకదు. కెమెరా పని నిజంగా నేర్చుకోవాలని ఉన్నవాళ్లకి నా సలహా ఇదే: మొదటి ఫిల్మ్ మొత్తం ట్రైపాడ్ మీదే తీయండి. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి, వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఈ మూడూ కుదురుగా నిలబడిన కెమెరాతోనే బుర్రకెక్కుతాయి.

కెమెరా ఏదైనా ఫర్వాలేదు. కాలేజీలో డీఎస్‌ఎల్‌ఆర్ ఇస్తే అది, లేకపోతే చేతిలో ఉన్న ఫోన్. ఫోన్ అయితే దానితో వచ్చిన కెమెరా యాప్ పక్కన పెట్టి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి. ఉచితమే. ఐఫోన్‌కి 2023లో, ఆండ్రాయిడ్‌కి 2024లో వచ్చింది, కాకపోతే ఆండ్రాయిడ్‌లో అన్ని మోడళ్లకీ పనిచేయదు, మీ ఫోన్‌కి ఉందో లేదో చూసుకోండి. అందులో షట్టర్ (ఒక్కో ఫ్రేమ్ తీసే వేగం, 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు), ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే నంబరు), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపులాగే కనిపించేలా రంగు సర్దడం), ఫోకస్ అన్నీ లాక్ చేసుకోవచ్చు. ఆటోలో వదిలేస్తే మనిషి కిటికీ ముందు నుంచి నడిచినప్పుడల్లా షాట్ మధ్యలో వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది, మొహం రంగు మారిపోతుంది, తర్వాత దాన్ని సరిచేయాలంటే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు నంబర్లు

ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి తీసే ఫ్రేములు 25, షట్టర్ 1/50. ఈ రెండూ పెట్టేసి మర్చిపోండి. ఫ్రేమ్ రేట్‌కి దాదాపు రెట్టింపు షట్టర్ ఉంటే మనిషి చెయ్యి ఊపినప్పుడు కంటికి అలవాటైన మసక ఉంటుంది, షట్టర్ బాగా పెంచితే కదలికలు గతుకులు గతుకులుగా కనిపిస్తాయి. ఇంకో కారణం మన కరెంటు. ఇక్కడ సప్లై 50 హెర్ట్జ్, అంటే పాత ట్యూబ్‌లైట్, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 1/50 పెడితే సరిగ్గా రెండు మినుకులు, 1/100 పెడితే ఒకటి పడతాయి, కాబట్టి ప్రతి ఫ్రేమ్‌లో వెలుగు ఒకేలా ఉంటుంది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల ట్యుటోరియల్ చూసి 30 ఫ్రేములు, 1/60 పెడతారు చాలామంది, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్లకి అది సరిపోతుంది. మన హాస్టల్ రూమ్‌లో అదే పెడితే గోడ మీద చారలు పాకుతూ కనిపిస్తాయి. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100.

వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగుకి 5600 కెల్విన్, పసుపు బల్బుల కింద 3200 దగ్గర మొదలుపెట్టి కంటితో చూస్తూ సర్దుకోండి. ఏది పెట్టినా సీన్ మొత్తం అదే ఉండాలి.

ఇక మధ్యాహ్నం ఎండలో ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఇక్కడే అందరూ చేతులెత్తేసి షట్టర్ పెంచేస్తారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 (ఇది ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, నంబరు తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ 1/100 దగ్గర ఎక్స్‌పోజర్, అంటే ఫ్రేమ్‌లో పడే వెలుగు సరిగ్గా వస్తుంది. మీకేమో షట్టర్ 1/50 ఉండాలి, వెనక మసకగా రావడానికి ఎఫ్ 2.8 కావాలి. 16 నుంచి 11, 8, 5.6, 4, 2.8, ఇవి ఐదు స్టాపులు, షట్టర్ తగ్గించినందుకు ఇంకొకటి, మొత్తం ఆరు. ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి కావలసిన దానికంటే 64 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తోందన్నమాట. దాన్ని ఆపేది లెన్స్ ముందు బిగించే ఎన్‌డీ ఫిల్టర్, ఈ లెక్కకి ఎన్‌డీ 64. తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ ఎన్‌డీ ఒకటి కొనుక్కుంటే చాలా పనులు జరిగిపోతాయి, కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. కొనేముందు మాత్రం మీ లెన్స్ ముందు రాసి ఉన్న మిల్లీమీటర్ల సైజు నోట్ చేసుకుని వెళ్లండి.

దూరం

జూమ్ రింగ్ తిప్పడం, కాళ్లతో దగ్గరికి నడవడం ఒకటి కాదు. ఇది మాటలతో నమ్మకండి, చేసి చూడండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 18-55 (మిల్లీమీటర్లు, 18 అంటే వైడ్, 55 అంటే జూమ్) తీసుకుని 18 దగ్గర పెట్టి, ఫ్రెండ్ మొహం ఫ్రేమ్ నిండేదాకా దగ్గరికి వెళ్లి రికార్డ్ చేయండి. తర్వాత 55 పెట్టి, మొహం అదే సైజులో వచ్చేదాకా వెనక్కి జరిగి మళ్లీ తీయండి. మొదటిదాంట్లో ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి, వెనకున్న వీధి మొత్తం కనిపిస్తుంది. రెండోదాంట్లో మొహం మొహంలా ఉంటుంది, వెనకున్న గోడ దగ్గరికి జరిగినట్టు అనిపిస్తుంది. సుల్తాన్ బజార్ జనంలో ఒక మనిషి ఒంటరిగా నలిగిపోతున్నట్టు చూపించాలంటే దూరంగా నిలబడి 55. ఆ జనంలో మనం కూడా తోసుకుంటూ వెళ్తున్నట్టు ఉండాలంటే 18, దగ్గరగా. ఈ తేడా తెలిశాక లెన్స్ ఎంచుకోవడం అనేది కథలోంచి వస్తుంది. ఇంకో మాట, కిట్ లెన్స్‌లో జూమ్ చేసేకొద్దీ ఎపర్చర్ 3.5 నుంచి 5.6కి పడిపోతుంది, కాబట్టి జూమ్ మార్చినప్పుడల్లా ఎక్స్‌పోజర్ చూసుకోవాలి.

వెలుగుకి మీ అపార్ట్‌మెంట్ పార్కింగే స్కూలు

లైట్లు అద్దెకు తేవద్దు, ఇప్పుడే వద్దు. హైదరాబాద్‌లో సగం అపార్ట్‌మెంట్లకి కింద పార్కింగ్ ఉంటుంది, చుట్టూ స్తంభాలు, ఒకవైపు ఖాళీ. పగలు పదింటికి అక్కడికి ఒక ఫ్రెండ్‌ని తీసుకెళ్లి, ఎండ నేల మీద ఎక్కడ ఆగుతుందో ఆ గీతకి మూడడుగుల లోపల, బయటి వైపు మొహం పెట్టి నిలబెట్టండి. కళ్లలో తెల్లటి మెరుపు వస్తుంది, మొహం మీద నీడలు మెత్తగా ఉంటాయి, వెనకున్న బైకులన్నీ చీకట్లోకి వెళ్లిపోతాయి. ఇప్పుడు అదే మనిషిని స్తంభం వైపు పక్కకి తిరగమనండి, మొహంలో సగం వెలుగు, సగం చీకటి. లోపలికి ఇంకో పదడుగులు నడవమనండి, కళ్లలో మెరుపు పోతుంది, మొహం నీరసంగా అవుతుంది. స్టేషనరీ షాపులో దొరికే థర్మోకోల్ షీటు ఒకటి చీకటి వైపు పట్టుకుంటే ఆ నీడ ఎంత తేలికవుతుందో, షీటు ఒక్క అడుగు వెనక్కి తీస్తే ఎంత చిక్కబడుతుందో చూడండి. ఒక పూట ఇలా కూర్చుంటే వచ్చేది ఏ పుస్తకంలోనూ రాదు, నేను గట్టిగా నమ్మే విషయం ఇది.

బయట తీసేటప్పుడు దిక్కులు చూసుకుని లొకేషన్ పెట్టుకోండి. హుస్సేన్ సాగర్‌కి ట్యాంక్‌బండ్ తూర్పు వైపు, నెక్లెస్ రోడ్డు పడమటి వైపు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి నీళ్ల వైపు కెమెరా పెడితే సూర్యుడు మనిషి వెనక ఉంటాడు, మొహం నల్లటి ఆకారంగా వస్తుంది, ఇద్దరు విడిపోయే సీన్‌కి బాగుంటుంది. అదే సాయంత్రం నెక్లెస్ రోడ్డు వైపు నుంచి నీళ్లు వెనక వచ్చేలా పెడితే వాలు ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. హీరోయిన్ కళ్లు కనపడాల్సిన సీన్‌కి సాయంత్రం ట్యాంక్‌బండ్ ఎంచుకుని, తర్వాత కలర్ గ్రేడింగ్‌లో మొహం లేపుదాంలే అనుకుంటే మిగిలేది గ్రెయిన్, అంటే చుక్కల రవ్వ మాత్రమే.

ఇద్దరు, ఒక టేబుల్, ఇరానీ చాయ్

ఇప్పుడు అసలు పరీక్ష. ఇరానీ హోటల్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే రెండు నిమిషాల సీన్ రాసుకోండి. కౌంటర్‌లో కూర్చున్న పెద్దాయనని ముందే అడగండి, భోజనాల రద్దీ అయ్యాక, సాయంత్రం చాయ్ జనం రాకముందు వెళ్తే చాలామంది కాదనరు.

శ్రీను, ఫాతిమా కూర్చున్నారు. వాళ్లిద్దరి ముక్కుల మధ్య ఒక గీత ఉందనుకోండి. మీ కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలి, గుర్తుండటానికి "కౌంటర్ వైపు" అని పెట్టుకోండి. అటు నుంచి ఎక్కడ పెట్టినా శ్రీను కుడివైపుకి, ఫాతిమా ఎడమవైపుకి చూస్తుంటారు, కట్ చేస్తే ఒకరినొకరు చూసుకుంటున్నట్టే ఉంటుంది. ఒక్క షాట్ గోడ వైపు నుంచి తీశారా, ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు వచ్చి, మూడో మనిషితో మాట్లాడుతున్నారేమో అనిపిస్తుంది.

మొదట ఇద్దరూ కనిపించే మాస్టర్ షాట్, సీన్ మొత్తం ఆపకుండా. తర్వాత ఫాతిమా భుజం మీదుగా శ్రీను సజెషన్ షాట్, అక్కడి నుంచే లోపలికి వెళ్లి శ్రీను క్లోజప్. శ్రీను వైపు అన్నీ అయిపోయాకే కెమెరా తిప్పి ఫాతిమా వైపు తీయండి, మధ్యలో అటూ ఇటూ తిప్పితే ప్రతిసారీ వెలుగు మళ్లీ సర్దుకోవాలి, టైమంతా అందులోనే పోతుంది. ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా ఏడవాల్సిన సీన్ అయితే ఆ మనిషి క్లోజప్ ముందే తీసేయండి. మాస్టర్‌లో ఆరుసార్లు ఏడిపించాక క్లోజప్‌కి కన్నీళ్లు మిగలవు, పాపం వాళ్లూ మనుషులే.

కూర్చున్నవాళ్లని తీసేటప్పుడు ట్రైపాడ్ కిందికి దించాలి, లెన్స్ వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. స్టూడెంట్ ఫిల్మ్స్‌లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, కెమెరామన్ నిలబడటానికి సుఖంగా ఉన్న ఎత్తులో పెట్టేస్తారు, దాంతో పాత్రలన్నీ చిన్నపిల్లల్లా కనిపిస్తాయి. క్లోజప్ తీసేటప్పుడు రెండో యాక్టర్‌ని ఇంటికి పంపకండి, లెన్స్ పక్కనే కూర్చోబెట్టి డైలాగ్ చెప్పించండి, చూపు లెన్స్‌కి ఎంత దగ్గరగా ఉంటే ప్రేక్షకుడు ఆ పాత్రకి అంత దగ్గరవుతాడు. ఇక ఉస్మానియా బిస్కెట్. మాస్టర్‌లో "నువ్వు వెళ్లిపోతున్నావా" అనే మాట దగ్గర శ్రీను బిస్కెట్ ముంచితే, క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర, అదే చేత్తో ముంచాలి. టేక్‌కి ఎన్ని బిస్కెట్లు సగం కొరికి ఉన్నాయి, కప్పులో చాయ్ ఎంత ఉంది, ప్రతి కట్ తర్వాత ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి, ఈ పని ఒక మనిషికి అప్పగించేయండి.

ఫోకస్, తర్వాత కదలిక

ఫోకస్‌కి కూడా అదే పార్కింగ్. సుద్దముక్కతో నేల మీద రెండేసి అడుగులకి గీతలు గీసి, ఫ్రెండ్‌ని పన్నెండు అడుగుల దూరం నుంచి నాలుగు అడుగుల దాకా నడిపించండి. ఒక్కో గీత దగ్గర ఫోకస్ రింగ్ ఎక్కడ ఉందో రింగ్ పక్కన అంటించిన తెల్ల టేపు మీద గుర్తు పెట్టుకుని, నడకతో పాటు తిప్పండి. మొదట ఎఫ్ 5.6తో చేయండి, తప్పులు కొంచెం కప్పుకుంటాయి. 1.8తో మొదలుపెడితే కన్ను పదునుగా ఉంటే చెవి మసక, చెవి దొరికితే కన్ను పోతుంది.

ప్యాన్ చేయాలంటే, అంటే కెమెరాని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలంటే, ముందు కెమెరా ఎక్కడ ఆగాలో అటు కాళ్లు పెట్టి, నడుము మాత్రమే మొదలయ్యే వైపుకి తిప్పి నిలబడండి, తిరుగుతున్నకొద్దీ ఒళ్లు సుఖంగా అవుతుంది కాబట్టి ఆగేటప్పుడు వణకదు. మొదట ఐదు సెకన్లు, చివర ఐదు సెకన్లు కదలకుండా పట్టుకోండి, ఎడిటర్ మీకు దండం పెడతాడు. 25 ఫ్రేముల్లో ఒక చెట్టు ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి దాదాపు ఏడు సెకన్లు పట్టాలి, అంతకంటే వేగంగా తిప్పితే గతుకులు కనిపిస్తాయి. చేత్తో పట్టుకునేటప్పుడు మోచేతులు పక్కలకి ఆనించి, స్ట్రాప్ మెడకి బిగుతుగా లాగి, వైడ్ లెన్స్‌తో. ఎవరైనా నడుస్తుంటే, లేస్తుంటే, తలుపు వైపు తిరుగుతుంటే ఆ కదలికతో కెమెరా కదిలించండి. ఊరికే కూర్చున్న మనిషి చుట్టూ తిరగొద్దు.

అనుమతుల గురించి క్లుప్తంగా: చార్మినార్ లాంటి రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌తో తీయాలంటే అనుమతి కావాలి, మెట్రో స్టేషన్లలోనూ అంతే. డ్రోన్ అయితే పౌర విమానయాన అధికారుల వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఏరియా ఏ జోన్‌లో ఉందో చూడకుండా ఎగరేయొద్దు.

అద్దె కెమెరా తీసుకునేటప్పుడు షాపులోనే తెల్లగోడకి గురిపెట్టి, ఎఫ్ 16 పెట్టి ఒక ఫొటో తీసి జూమ్ చేసి చూడండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే నల్ల చుక్కలు బయటపడతాయి. లెన్స్ మీద గీతలు ఉంటే వాళ్లకి అక్కడే చూపించండి, ఎన్ని బ్యాటరీలు ఇచ్చారో రాయించుకోండి. 4కెలో 100 ఎంబీపీఎస్‌తో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, 64 జీబీ కార్డు గంటా ఇరవై ఐదు నిమిషాలకి మించి రాదు, కాబట్టి రెండో కార్డు ఉండాలి. రాత్రి ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టి, రెండింట్లోనూ ప్రతి క్లిప్ తెరిచి చివరిదాకా ఆడుతోందో లేదో చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి, అది కూడా కెమెరాలోనే.