నెలసరి మరీ ఎక్కువగా అవుతుంటే: ముందు లెక్క, తర్వాతే మందు

"చాలా అవుతోంది మేడం" అని చెబితే డాక్టరుకు తెలిసేది తక్కువ. ఒకరికి రోజుకు నాలుగు ప్యాడ్లే ఎక్కువనిపిస్తాయి. ఇంకొకరు పది మార్చి కూడా మామూలే అనుకుంటారు, వాళ్ళమ్మకూ అక్కకూ అలాగే అయ్యేది కాబట్టి. మామూలు నెలసరిలో పోయే రక్తం మొత్తం 30-40 మిల్లీలీటర్లు. 80 దాటినా, 7 రోజులకు మించి అవుతున్నా అధిక రక్తస్రావమే.

మిల్లీలీటర్లు ఇంట్లో కొలవలేం గనక ప్యాడ్లకు మార్కులు వేయాలి. కొంచెం మరక పడిన ప్యాడుకు 1, సగం దాకా తడిసినదానికి 5, పూర్తిగా నిండినదానికి 20. రూపాయి బిళ్ళంత రక్తపు గడ్డకు 1, పది రూపాయల బిళ్ళంత రక్తపు గడ్డకు 5. బట్టలకు అంటేంత ధారగా వస్తే ఆ ప్రతిసారికీ 5. రెండో రోజు నాలుగు నిండిన ప్యాడ్లు, రెండు సగం తడిసినవి, ఒక పెద్ద గడ్డ అయితే 80, 10, 5 కలిపి ఆ ఒక్కరోజుకే 95. నెలసరి మొత్తం మీద 100 దాటితే 80 మిల్లీలీటర్ల గీత దాటినట్టు లెక్క. ఈ మార్కులు మామూలు సైజు ప్యాడ్లకు సరిపోతాయి. రాత్రి వాడే పెద్ద ప్యాడ్లు ఎక్కువ పీలుస్తాయి కాబట్టి పక్కన సైజు రాయండి. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్ళ పని సులువు, చాలా కప్పుల మీద గీతలుంటాయి, పారబోసే ముందు చూసి రాసుకుంటే చాలు. రెండు నెలలు ఇలా రాసిన క్యాలెండరు పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

మార్కులు 100 రాకపోయినా సరే, రాత్రి రెండుసార్లు లేచి మార్చాల్సి వస్తున్నా, శ్రీసిటీ కంపెనీ బస్సులో కూర్చోవడానికి భయపడి డ్యూటీ మానేస్తున్నా వైద్యం చేయించుకోవలసిందే. మార్కులు చాల్లేదని ఎవరూ వెనక్కి పంపకూడదు.

ఆగకుండా వెళ్ళాల్సిన సందర్భాలు వేరు. గంటకో ప్యాడు చొప్పున వరసగా రెండు మూడు గంటలు నిండుతుంటే, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే, గుండె దడదడలాడుతుంటే 108కి ఫోన్ చేయండి. నెలసరి ఆలస్యమై ఒక్కసారిగా ఎక్కువైనా, ఒకవైపు కడుపులో పోటు ఉన్నా ముందు గర్భం ఉందేమో చూడాలి. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది కదా" అని వదిలేయకండి. ఆ ఆపరేషన్ తర్వాత అరుదుగా గర్భం వస్తే అది ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఎక్కువ, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా డాక్టరుకు చూపించాలి.

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి పేరులో ప్రసూతి ఉన్నా కాన్పులకే పరిమితం కాదు, ఈ సమస్యలకూ చూస్తారు. చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్ళినా, ఆఖరికి వేలూరు పోయినా, మొదట అడగవలసిన పరీక్షలు ఇవి: రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, గర్భ పరీక్ష, స్కానింగ్. 45 దాటినవాళ్ళకు, అంతకన్నా చిన్నవాళ్ళైనా ఒళ్ళు ఎక్కువగా ఉండి నెలసరి క్రమం తప్పినవాళ్ళకు గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. పెద్దమనిషైనప్పటి నుంచీ ఎక్కువగా అవుతూ, ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారే అమ్మాయికి రక్తం గడ్డకట్టే గుణం చూడాలి, ముఖ్యంగా వాన్ విల్లీబ్రాండ్ లోపం. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటి తీవ్రమైన లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ కనుక డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పండి.

స్కానింగులో "గడ్డ ఉంది" అని రాయగానే ఇల్లంతా బెంబేలెత్తుతుంది. చాలాసార్లు అది ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచి కండలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ. అది ఎంతుంది అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చినది చిన్నదైనా రక్తం బాగా పోయేలా చేస్తుంది. బయటి వైపున్నది నిమ్మకాయంత ఉన్నా చాలాసార్లు నెలసరికి దానితో సంబంధం ఉండదు. రిపోర్టులో ఆ మాట లేకపోతే అడిగి రాయించుకోండి. కాపర్ టీ, రక్తం పలచబరిచే మందులు కూడా కారణం కావచ్చు.

ఇక మందులు. అన్నీ డాక్టరు రాసిచ్చాకే. ట్రానెగ్జామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్రలు సాధారణంగా పూటకు రెండు చొప్పున రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా పోయే రోజుల్లోనే, నాలుగు రోజుల వరకు వాడతారు. రక్తస్రావం దాదాపు సగానికి తగ్గుతుంది. ఇది హార్మోన్ కాదు, తేదీని మార్చదు. చాలామంది చేసే పొరపాటు, ఒక్క మాత్ర వేసుకుని "పని చేయలేదు" అని మానేయడం. కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు వాడకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి.

మెఫెనామిక్ యాసిడ్ నొప్పినీ, కొంతవరకు రక్తాన్నీ తగ్గిస్తుంది. తిన్నాకే వేసుకోవాలి. ఈ రెండూ కలిపిన మాత్రలు మెడికల్ షాపుల్లో ఉంటాయి. అది వేసుకుంటూ పైనుంచి నొప్పికని మరో మెఫెనామిక్ మాత్ర మింగితే డోసు రెట్టింపవుతుంది. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో దీని జోలికి పోవద్దు.

తిరుమల దర్శనం కోసం నెలసరి వాయిదా వేసే మాత్రలు ఇక్కడ చాలామంది వాడతారు. నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, రావలసిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. ఎక్కువగా అయ్యేవాళ్ళకు ఆ నెల ఇంకా జోరుగా రావచ్చు. అందుకని కొండ దిగిన వారంలో ప్రయాణాలు పెట్టుకోకండి, ఆ నెల మార్కులను విడిగా రాయండి. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఈ మాత్రలు అసలు వద్దు.

దీర్ఘకాలానికి బాగా పనిచేసేది హార్మోన్ ఐయూడీ. 52 మి.గ్రా. లెవోనోర్జెస్ట్రెల్ ఉన్న చిన్న పరికరం గర్భసంచిలో పెడతారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కచుక్కగా మరకలు పడతాయి. ఈ సంగతి ముందే చెప్పకపోవడంతో ఎందరో రెండో నెలలోనే తీయించేసుకుంటారు. ఓపిక పడితే ఏడాది తిరిగేసరికి రక్తస్రావం పదో వంతుకు పడిపోవచ్చు, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది.

రక్తం పోవడం ఆగితే సరిపోదు, పోయిన ఇనుము తిరిగి నిండాలి. అలిపిరి మెట్లు ఒకప్పుడు సునాయాసంగా ఎక్కినామె ఇప్పుడు గాలిగోపురం చేరకముందే నాలుగైదు చోట్ల కూర్చుంటోందంటే హిమోగ్లోబిన్ చూపించాలి. 12 కన్నా తక్కువైతే రక్తహీనత, 8 కన్నా తక్కువైతే తీవ్రం. 12 ఉన్నా ఫెరిటిన్ 30 లోపుంటే నిల్వలు అడుగంటాయని అర్థం. ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకోండి. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్రలకు, దానికి రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే కాఫీతో పాటే మింగేయడం వల్లనే చాలామందిలో మూడు నెలలైనా అంకె కదలదు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. అంకె మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు కొనసాగించాలి. రాగి సంగటిలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొంచెమే. టమోటా వేసిన ఆకుకూర పప్పు, ఉసిరికాయ పచ్చడి జతచేయండి. మాంసం తినేవాళ్ళకు వేటకూర, కార్జం మేలు.

గర్భసంచి తీసేయడం చివరి మెట్టు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8 నుంచి 9 శాతం. "పిల్లలు చాలు కదా, ఇంకెందుకు" అనే మాటకు తలూపకండి. ముక్క పరీక్షలో ఏమొచ్చింది, మందులు ఎన్ని నెలలు వాడి చూశాం, హార్మోన్ ఐయూడీ ఎందుకు కుదరదు, ఫైబ్రాయిడ్ ఒక్కటే తీయలేరా అని అడగండి. అండాశయాలు ఉంచుతారా తీస్తారా అన్నది సంతకానికి ముందే కాగితం మీద రాయించండి. నలభై లోపు వాటిని తీసేస్తే వెంటనే వేడి ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.