అక్కడ పొడిబారి మంట పుడుతుంటే ఏ జెల్ కొనాలి, కొబ్బరినూనె రాయొచ్చా

భార్యాభర్తలు కలిసినప్పుడు మంట, గీరుకుపోయినట్టు నొప్పి, మర్నాడు ఒంటికి వెళ్తే చురుక్కుమనడం, వీటికి చాలాసార్లు కారణం యోని పొడిబారడమే. మన వైపు ఆడవాళ్ళు దీన్ని ఏళ్ళ తరబడి పళ్ళ బిగువున భరిస్తారే గానీ నోరు తెరిచి ఎవర్నీ అడగరు. నలభై అయిదు దాటి నెలసరి ఆగిపోయే వయసులో ఇది మామూలు, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గేసరికి లోపలి పొర పలచబడి తడి ఊరదు. ఆ వయసు వాళ్ళకే అనుకోకండి. పాలిచ్చే బాలింతలకీ ఉంటుంది, జలుబుకీ దురదలకీ సిట్రిజిన్ లాంటి బిళ్ళలు రోజూ వేసుకునేవాళ్ళకీ ఉంటుంది, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్ళకే మొదలైపోతుంది. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, కాబట్టి మీ వీధిలో ఈ బాధ పడుతున్నది మీరొక్కరే అయ్యుండరు.

జెల్ కొనేముందు ఒక పని చెయ్యండి. సబ్బు, డెట్టాల్ నీళ్ళు, సెంటు వాసనొచ్చే వాష్‌లు లోపలికి వాడటం ఈరోజుతో ఆపెయ్యండి. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపల కడగాల్సిన పనే లేదు. కొందరికి ఈ ఒక్క మార్పుతోనే సగం మంట తగ్గుతుంది.

ఇక కొబ్బరినూనె. రాజోలు, అమలాపురం, అంబాజీపేట వైపు ఏ ఇంట్లో చూసినా అదే ఉంటుంది కాబట్టి ముందు అడిగేదీ అదే. రాసుకోవచ్చు, చాలామందికి హాయిగానే ఉంటుంది, తొందరగా ఆరిపోదు కూడా. కానీ కండోమ్ వాడేవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు. మామూలు కండోమ్ లేటెక్స్ అనే రబ్బరుతో చేస్తారు, నూనె తగిలిన నిమిషాల్లోనే అది బలహీనపడి చిరిగిపోతుంది, వేసుకున్నా వేసుకోనట్టే. మన జిల్లాల్లో చాలామందికి పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, వాళ్ళకి ఈ ఇబ్బంది రాదు. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎడం కోసం కండోమ్ మీద ఆధారపడ్డ బాలింతలు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. తరచూ తెల్లబట్ట, దురద వచ్చేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు కూడా నూనె జోలికి వెళ్ళకపోవడమే నయం.

నూనె ఏదైనా ఒకటేనా అంటే కాదు. తలకి రాసుకునే వాసన నూనె వద్దు, మూలికలు కాచి పోసినది అసలు వద్దు. మిల్లులో క్యానుకి పట్టించి నెలల తరబడి వాడుతూ కనరు వాసన వస్తున్నదీ వద్దు. ఏమీ కలపని మంచి నూనెని చిన్న సీసాలో విడిగా పోసుకుని, పొడి చెంచాతో తీసుకుని వాడండి, వంటింటి గిన్నెలో వేళ్ళు ముంచకండి. ధనుర్మాసం చలికి పేరుకుపోతే అరచేతిలో వేసి రుద్దితే కరుగుతుంది. దుప్పటికి మరక పడుతుంది, పాత పంచె ఏదైనా కింద వేసుకోండి. నెయ్యి, ఆముదం, తేనె, పెరుగు, పెరట్లో కోసిన కలబంద గుజ్జు ఇవన్నీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, వద్దు. కలబంద ఆకు కోస్తే కారే పసుపుపచ్చ జిగురు ఒంటికే మంట పుట్టిస్తుంది, అక్కడ పట్టదు. వ్యాజిలైన్ కూడా లోపల వద్దు, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి.

మెడికల్ షాపులో కొనేటప్పుడు ఒక చిక్కుంది. సిగ్గుపడి "జెల్లీ ఇవ్వండి" అని ఊరుకుంటే కుర్రాడు లిగ్నోకైన్ జెల్లీ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అది తిమ్మిరెక్కించే మందు, గొట్టాలు పెట్టేటప్పుడు ఆస్పత్రిలో వాడేది. రాసుకుంటే నొప్పి తెలియదు, చర్మం గీరుకుపోతున్నా తెలియదు, మీ ఆయనకి కూడా తిమ్మిరెక్కుతుంది. స్కానింగుకి రాసే జెల్ కూడా లోపలికి పనికిరాదు. కాగితం మీద "వాటర్ బేస్డ్ లూబ్రికెంట్" (నీళ్ళతో చేసిన జారుడు జెల్) అని రాసి చూపించండి, ఫోన్లో ఫొటో చూపించినా సరే. ఊళ్ళో షాపులో అందరూ తెలిసినవాళ్ళే అని మొహమాటంగా ఉంటే రాజమండ్రికో కాకినాడకో వేరే పని మీద వెళ్ళినప్పుడు తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

ట్యూబు చేతికొచ్చాక ముందు వైపు రాసిన గొప్పలు వదిలేసి వెనక్కి తిప్పండి. ఆవగింజంత అక్షరాల్లో ఏమేం కలిపారో వరసగా ఉంటుంది, మామూలుగా ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. మొదట నీళ్ళు, ఆ వెంటనే గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ అని ఉంటే నేనైతే పక్కన పెట్టేస్తాను. అవి ఎక్కువైతే జెల్ గాఢత బాగా పెరిగి, అసలే పొడిగా ఉన్న చర్మంలోంచి ఉన్న కాస్త నీటినీ లాగేస్తుంది, రాసిన కాసేపటికి మంట మొదలయ్యేది అందుకే. ఈ గాఢతని ఆస్మోలాలిటీ అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సలహా ప్రకారం అది 380 లోపు ఉంటే మేలు, 1200 దాటకూడదు. మన దగ్గర చాలా ట్యూబుల మీద ఆ అంకె వెయ్యరు, కాబట్టి గ్లిజరిన్ ఎక్కడుందో చూసుకోవడమే దారి. పీహెచ్ (ఆమ్లత్వం చూపే అంకె) రాసి ఉంటే 4.5 దగ్గర్లో ఉన్నది తీసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ అని కనిపిస్తే వద్దు, అది అక్కడ మనల్ని కాపాడే మంచి బాక్టీరియాని కూడా చంపుతుంది. స్ట్రాబెర్రీ వాసన, చల్లదనం, వెచ్చదనం అని అమ్మేవి పొడిబారినవాళ్ళకి కాదు, మెంథాల్ తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది.

వాటర్ బేస్డ్ జెల్ కండోమ్‌తో వాడొచ్చు, మరకలుండవు, కాకపోతే తొందరగా ఆరిపోతుంది. బంకగా అనిపించినప్పుడు ఇంకా ఇంకా రాయకుండా రెండు చుక్కల నీళ్ళు తగిలిస్తే మళ్ళీ జారుతుంది. సిలికాన్ రకం కొంచెం ఖరీదు, డైమెథికోన్ అని రాసి ఉంటుంది. దాంట్లో నీళ్ళే ఉండవు కాబట్టి ఈ నీరు లాగేసే గొడవ లేదు, చాలాసేపు నిలుస్తుంది, లేటెక్స్ కండోమ్‌కి కూడా ఏమీ కాదు. నెలసరి ఆగిపోయి బాగా పొడిబారిన వాళ్ళకి నన్నడిగితే ఇదే చెబుతాను. బాత్‌రూమ్ గచ్చు మీద పడితే మాత్రం కడిగేదాకా అటు నడవకండి, కాలు జారుతుంది.

ఏది కొన్నా ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడకపోతే వాడండి. అర టీస్పూను తీసుకుని చేతిలో కాస్త వెచ్చబడ్డాక ద్వారం దగ్గర, కొంచెం లోపలికి, మీ ఆయనకి కూడా రాయాలి, ఒక్కరికే రాస్తే సరిపోదు. తొందరపడొద్దని ఆయనకి ముందే చెప్పండి. తడి లేకపోతే ఇష్టం లేదేమో అని చాలామంది మగవాళ్ళు మనసులో పెట్టుకుంటారు, ఇది ఒంట్లో మార్పే గానీ మనసులో మార్పు కాదని ఒక్క మాట చెబితే ఇద్దరి టెన్షనూ తగ్గుతుంది.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు మామూలు జెల్‌లు వాడొద్దు, చాలావాటిలో వీర్యకణాల కదలిక మందగిస్తుంది, ఉమ్మి కూడా అంతే. వాళ్ళకి వేరే రకాలు ఉన్నాయి, డాక్టరుని అడిగి తీసుకోండి.

లూబ్రికెంట్ ఆ పూటకే పనిచేస్తుంది. కూర్చున్నా నడిచినా, పొలానికి వెళ్ళొచ్చినా రోజంతా మంటగా ఉండేవాళ్ళకి కావాల్సింది మాయిశ్చరైజర్, హయాలురోనిక్ యాసిడ్ ఉన్న వెజైనల్ జెల్‌లు వస్తాయి, కలయికతో సంబంధం లేకుండా వారానికి రెండు మూడు సార్లు పెట్టుకోవాలి. కొన్ని వారాలు వాడినా గుణం లేకపోతే గైనకాలజిస్టు దగ్గర ఈస్ట్రోజెన్ క్రీమ్ గురించి అడగండి, నెలసరి ఆగిన తర్వాత వచ్చే పొడితనానికి అది బాగా పనిచేస్తుంది, సొంతంగా మాత్రం కొనొద్దు. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం అవుతున్నవాళ్ళు, అయిపోయినవాళ్ళు క్యాన్సర్ డాక్టరు ఒప్పుకోకుండా దాన్ని వాడకూడదు.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, పుండు ఉన్నా, తెల్లబట్ట దుర్వాసన వస్తున్నా జెల్‌లతో కాలం గడపొద్దు, ఆ వారంలోనే చూపించుకోండి. డబ్బుకి వెనకాడే పని లేదు, కాకినాడ ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్)లో గైనిక్ ఓపీ ఉచితమే. చీటీ రాసేచోట అందరి ముందూ వివరాలు చెప్పక్కర్లేదు, "ఆడవాళ్ళ సమస్య" అంటే చాలు, మిగతాది లోపల డాక్టరమ్మకి చెప్పండి.