వాడుక ఇంగ్లీషు – 14వ పాఠం: బాకీ కక్కించే మాటలు

ముందు పోయిన పాఠం ప్రశ్నకు జవాబు. ‘లెండ్’, ‘బారో’ రెండూ అప్పు మాటలే కదా, ఏది ఎవరు చేసే పని అని అడిగాను. అప్పు ఇచ్చేవారు చేసే పని ‘లెండ్’, పుచ్చుకునేవారు చేసే పని ‘బారో’. ఇచ్చినా పుచ్చుకున్నా మనకు అది అప్పే కాబట్టి తికమక సహజం. ఆ అప్పు తిరిగి వచ్చే దారి ఇవాళ చూద్దాం.

మర్యాదైన మాట ‘పే బ్యాక్’. తీసుకున్నది తిరిగి ఇవ్వడం, అంతే. నవ్వుతూ ఇచ్చారా, ఏడుస్తూ ఇచ్చారా అన్నది అందులో తెలియదు. అప్పు మొత్తం తీరిపోతే ‘పే ఆఫ్’. ఈ రెండింటినీ ఎక్కడైనా వాడవచ్చు. అసలు రుచి వీటి తరువాతి వరసలో ఉంది.

‘కాఫ్ అప్’ తీసుకోండి. కాఫ్ అంటే దగ్గు. గొంతుకు అడ్డం పడినదాన్ని దగ్గి బయటికి తెచ్చినట్టు డబ్బు తీయడం. మన ‘కక్కడం’కు ఇంత దగ్గరి చుట్టం ఇంగ్లీషులో మరొకటి నాకు కనబడలేదు. తేడా ఒకటుంది. మనం కక్కాడంటే అంతకుముందు అక్రమంగా మింగాడన్న నింద తరచు తగులుతుంది. కాఫ్ అప్‌కు ఆ నింద అక్కరలేదు, ఇష్టం లేకుండా ఇస్తే చాలు. న్యాయంగా కట్టాల్సిన జరిమానాకూ అదే మాట. ‘హి ఫైనల్లీ కాఫ్ట్ అప్ ద మనీ’ అంటే ఎట్టకేలకు డబ్బు కక్కాడని. ‘కాఫ్డ్’ అనకండి, చివర వినిపించేది ‘ట్’. ‘మనీ’ బదులు ‘ఇట్’ వస్తే దాని చోటు నడుమనే: ‘కాఫ్ ఇట్ అప్’. చివర పెడితే తప్పు.

‘పే అప్’ నిలదీసే మాట. పందెం ఓడిన స్నేహితుడితో నవ్వుతూ అనవచ్చు, ఖాతాదారుకు ఉత్తరంలో రాస్తే మాత్రం గొడవే. ఇక్కడ ‘అప్’ అంటే పైకి అని కాదు, పూర్తిగా అని. ‘ఇవ్వు’కూ ‘ఇచ్చెయ్యి’కీ ఉన్న తేడా గుర్తు తెచ్చుకోండి. మనం ‘ఎయ్యి’తో చేయించే పనిని వాళ్లు ‘అప్’తో చేయిస్తారు. ‘ఈట్ అప్’ అంటే తినెయ్యి అని.

‘షెల్ అవుట్’, ‘ఫోర్క్ అవుట్’ బాకీలకే పరిమితం కావు. చేతి చమురు వదిలిన ప్రతి ఖర్చుకూ వస్తాయి. దేనికి వదిలిందో చెప్పాలంటే ‘ఫర్’ చేర్చండి. ‘ఫోర్క్ ఓవర్’ అంటే ఎదుటివారి చేతిలో పెట్టడం. బ్రిటన్‌లో ‘స్టంప్ అప్’ అనేదాన్ని అమెరికాలో ‘పోనీ అప్’ అంటారు. ఈ రెండోది మన చెవికి ‘పోనీ, అప్పు’ అని దయగా వినిపిస్తుంది. నమ్మకండి, డబ్బు తియ్యమనే అంటున్నారు.

ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చుకుంటే ‘సెటిల్ అప్’, ఎవరితో అన్నదానికి ‘విత్’. తేలాక ‘వుయ్ ఆర్ స్క్వేర్’, చెల్లుకు చెల్లు. కానీ ‘స్క్వేర్ అప్ టు’ అన్నారో, అది కయ్యానికి కాలు దువ్వడం.

చాలామంది జారిపడే చోటు ఇంకొకటి: ‘పే త్రూ ద నోజ్’. ముక్కు కనబడగానే ‘ముక్కు పిండి వసూలు చేయడం’ అనుకుంటాం. కాదు. అది విలువకు మించి ధర పెట్టడం. అక్కడ బాకీ లేదు, బలవంతమూ లేదు, కొన్నవాడు మోసపోయాననుకోవడమే ఉంది.

అభ్యాసం, ఇంగ్లీషులో చెప్పండి:
వాళ్లు ఇంకా డబ్బు కక్కలేదు.
మరమ్మతుకు చాలా వదిలింది.
రేపు నీతో లెక్క తేల్చుకుంటాను.
నా దగ్గర ముక్కు పిండి వసూలు చేశాడు. (దీనికి ‘మేడ్ మీ’తో మొదలుపెట్టి చూడండి. ముక్కు జోలికి వెళ్లకండి.)