డ్యూరర్ ఆదాము హవ్వల బొమ్మ చూడాలంటే ముందు అటకెక్కండి

జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1504లో చేసిన ఆదాము హవ్వల బొమ్మను ఫోన్‌లో చూసి, బాగా గీశాడే అని తోసేస్తుంటారు. ఆయన దాన్ని గీయలేదు, రాగిరేకు మీద చెక్కాడు. ఆ తేడా చేతికి తెలియాలంటే ముందు అటక మీద పేరు చెక్కిన పాత ఇత్తడి పళ్లెం ఒకటి వెతకండి. మా కడప వైపు పెళ్లి సామాను మీద పేరు లేకుండా ఉండదు కాబట్టి దొరుకుతుంది.

అక్షరాల గాట్లలోకి దిగేలా కాటుక రుద్ది, పైపైన గుడ్డతో తుడవండి. గట్టిగా తుడిస్తే గాట్లలోది కూడా పోతుంది, నాకు మొదటిసారి సగం పేరే వచ్చింది. తడిపి ఆరీ ఆరని కాగితం పరిచి గరిటె వెనక భాగంతో నొక్కి లాగితే మా జేజి పేరు అద్దంలోలాగా తిరగబడి కనిపించింది. (పళ్లేనికేం కాదు, చింతపండుతో తోమితే సరి.) డ్యూరర్ రాగిరేకునూ ఇలాగే అచ్చు వేశారు, కాకపోతే అక్కడ గరిటె బదులు రోలర్ ప్రెస్సు.

ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైటులో బొమ్మను ఉచితంగా దించుకుని ప్రింట్ తీయించండి. అసలు సైజు సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు, ఏ4లో సరిపోతుంది. మా కడప ఏడురోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ అబ్బాయి "పేజీ నిండా వేస్తాలే అన్నా" అంటాడు, ఒప్పుకోకండి.

భూతద్దం పెట్టి ముందు ఆదాము పక్కన కొమ్మకు వేలాడే పలకను చూడండి. దాని మీద డ్యూరర్ పేరు, ఊరు, సంవత్సరం లాటిన్‌లో ఉన్నాయి. కాగితం మీద నేరుగా చదవగలుగుతున్నామంటే రేకు మీద ఒక్కో అక్షరం తిరగేసి చెక్కినట్టే కదా! తర్వాత తొడల దగ్గరికి రండి. గీతలు కండ వంపు వెంట తిరిగి, వెలుగు పడేచోట సన్నబడి చుక్కలైపోతాయి. వెనక అడవిలో మాత్రం గీత మీద గీత అడ్డంగా పడి నలుపు చిక్కబడుతుంది. చెక్కుతూ మధ్యమధ్యలో పరీక్షకు తీసుకున్న ప్రింట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, వాటిని బట్టి చూస్తే ముందు అడవి పూర్తి చేసి, ఒళ్లు చివరికి పెట్టుకున్నాడు.

కాళ్ల దగ్గర పిల్లి, ఎలుక ఉన్నాయి, పిల్లి ఇంకా దూకలేదు. దేవుడు వద్దన్న పండు వాళ్లింకా తినలేదు కదా మరి, అప్పటిదాకా జంతువుల మధ్యా వైరం లేదు. ఇక కుడివైపు పైన, దూరపు కొండ అంచున ఒక మేక నిలబడి ఉంటుంది. ఫోన్‌లో దాన్ని కనిపెట్టినవాళ్లు నాకింకా తగల్లేదు.