కోడి రెట్టలోని ఐమీరియా ఊసిస్టులను మైక్రోస్కోపు కింద కొలిచే విధానం

వానాకాలంలో షెడ్డులోని ఊక తడిసి ముద్దకట్టగానే కోడిపిల్లలు రెక్కలు వాల్చి నెత్తురు రెట్ట వేయడం విజయనగరం జిల్లాలో కోళ్లు పెంచేవారికి కొత్త కాదు. ఈ రక్తపారుడుకు కారణం ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. రెట్టలో బయటపడే దాని ఊసిస్టులను, అంటే గట్టి గోడ ఉన్న గుడ్డులాంటి సూక్ష్మ రూపాలను, కొలిచి జాతిని అంచనా వేయడం గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థికైనా, పల్లెలోని పశువుల ఆసుపత్రి సిబ్బందికైనా అక్కరకు వచ్చే పని. అయితే నెత్తురు కనిపించిన తొలిరోజు రెట్టలో ఊసిస్టులు దొరకకపోవచ్చు కనుక, ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ నమూనా తీసుకోవాలి.

ముందుగా ఊసిస్టులను తేల్చడానికి చిక్కని ఉప్పునీరు చేసుకోవాలి. లీటరు నీటిని బాగా మరిగించి, అందులో 400 గ్రాముల ఉప్పు కలిపి చల్లార్చితే అడుగున కొంత ఉప్పు కరగకుండా మిగులుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల గళ్లుప్పు ఇందుకు చక్కగా సరిపోతుంది గాని, మట్టి పోయేలా గుడ్డతో వడగట్టుకోవాలి. రెట్టను ఈ ద్రావణంలో కలిపి, వడగట్టి, పరీక్షనాళికను అంచుదాకా నింపి, పైన కవర్‌స్లిప్ పెట్టి పావుగంట ఉంచితే ఊసిస్టులు తేలి దానికి అంటుకుంటాయి. ఉప్పునీటిలో ఎక్కువసేపు ఉంటే వాటి గోడ సొట్టపడుతుంది కాబట్టి, ఆలస్యమయ్యేటట్లుంటే మంచినీటితో కడిగిన తరువాతే కొలవాలి.

ఐపీస్‌లోని, అంటే కన్ను పెట్టి చూసే కటకంలోని, మైక్రోమీటరు గీతలకు తమంతట తమకు ఏ విలువా లేదు. నమూనా వైపు ఉండే కటకమైన ఆబ్జెక్టివ్ ఒక్కోదానికి ఆ విలువను విడిగా కట్టుకోవాలి. స్లైడు స్థానంలో పెట్టే కొలతగీతల పలక అయిన స్టేజి మైక్రోమీటరులో 1 మిల్లీమీటరు 100 భాగాలై ఉంటుంది, అంటే ఒక్కో భాగం 10 మైక్రాన్లు. రెండు స్కేళ్ల సున్నాలను కలిపి, అవి మళ్లీ కచ్చితంగా కలిసే చోటును వీలైనంత దూరంలో వెతకాలి. 40 రెట్లు పెద్దది చేసే ఆబ్జెక్టివ్ (40 ఆబ్జెక్టివ్) కింద ఐపీస్ గీతలు 40, స్టేజి భాగాలు 10 సరిపోయాయనుకుంటే, 100 మైక్రాన్లను 40తో భాగించగా ఒక్కో గీత 2.5 మైక్రాన్లవుతుంది. ఒకసారి నేను 9 గీతల ఊసిస్టును 10 ఆబ్జెక్టివ్ విలువతో గుణించి 90 మైక్రాన్లని రాసేశాను. అది కోడి పేగులోని ఏలికపాము గుడ్డుకు తగిన కొలత! అప్పటినుంచి ఏ ఆబ్జెక్టివ్‌కు ఎంతో రాసిన చీటీని మైక్రోస్కోపుకే అంటించి ఉంచుతున్నాను.

ఆకారం దగ్గర అసలు జాగ్రత్త కావాలి. బుట్టలో నిలబెట్టిన కోడిగుడ్డును పైనుంచి చూస్తే గుండ్రంగానే కనిపిస్తుంది. ఊసిస్టు సంగతీ అంతే. అందువల్ల పక్కకు ఒరిగి, గోడ చుట్టూతా ఒకే స్పష్టతతో కనిపించేవాటినే ఎంచుకుని, ఐపీస్‌ను తిప్పి స్కేలును పొడవు వెంట నిలిపి, గోడ వెలుపలి అంచునుంచి వెలుపలి అంచుకు కొలిచి, ఆపై అడ్డంగా వెడల్పు తీసుకోవాలి. ఇలా కనీసం 50 ఊసిస్టులను కొలిచి, సగటుతో పాటు కనిష్ఠ, గరిష్ఠ విలువలనూ రాయాలి.

పొడవును వెడల్పుతో భాగిస్తే ఆకార సూచిక వస్తుంది. ఐమీరియా జాతుల్లో టెనెల్లా సగటు పొడవు, వెడల్పు సుమారు 22, 19 మైక్రాన్లు, సూచిక 1.16, మాగ్జిమా 30.5, 20.7 మైక్రాన్లు, సూచిక 1.47, దాదాపు గుండ్రంగా ఉండే మైటిస్ 15.6, 14.2 మైక్రాన్లు, సూచిక 1.1. మైటిస్ పొడవు వెడల్పుల తేడా 1.4 మైక్రాన్లే కాగా, 40 ఆబ్జెక్టివ్‌తో అర గీతను కంటితో అంచనా కట్టినా 1.25 మైక్రాన్లవుతుంది. ఇంత చిన్న తేడాను ఆ ఆబ్జెక్టివ్‌తో నమ్మలేము. కవర్‌స్లిప్ అంచులకు గోళ్లరంగు పూసి ఊసిస్టులు కదలకుండా చేసి, మైక్రోస్కోపుకు వాడే ఇమ్మర్షన్ నూనె వేసి 100 ఆబ్జెక్టివ్‌తో చూడాలి.

ఇంత చేసినా టెనెల్లానూ, 20.4, 17.2 మైక్రాన్ల సగటున్న నెకాట్రిక్స్‌నూ కొలతలతో విడదీయలేము, రెండింటి పరిధులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అలాంటప్పుడు చనిపోయిన పిల్లను కోసి చూడాలి: నెత్తురు గడ్డలు గుడ్డిపేగుల్లో ఉంటే టెనెల్లా, చిన్నపేగు నడిమి భాగం ఉబ్బి ఎర్రని, తెల్లని చుక్కలతో ఉంటే నెకాట్రిక్స్.