ఆస్పత్రి బ్యాగులో ఒక కథల పుస్తకం

ఇంట్లో ఎవరికన్నా బాగలేక ఆస్పత్రిలో ఉండాల్సొస్తే ఫ్లాస్కు, దుప్పటితో పాటు ఒక కథల పుస్తకం కూడా బ్యాగులో పెట్టుకోండి. నవల వద్దు, చిన్న కథలే. నర్సు పిలుస్తాది, మందులకి పరిగెత్తాల, ఈ మధ్యలో నవల్లో ఎవరు ఎవరో గుర్తుండదు, కథైతే నాలుగైదు పేజీల్లో అయిపోతాది.

పోయినేడు మాయమ్మకి ఆపరేషనైతే తిరుపతిలో 11 రోజులు ఉన్నాను. మొదటి మూడు రాత్రులు వరండాలో కూర్చోని ఫోన్లో ఆ జబ్బు గురించే వెతికేది, చదివినకొద్దీ గుండె దడ జాస్తయ్యేది. నాలుగో రోజు తమ్ముడితో మధురాంతకం రాజారాం కథలు తెప్పించుకున్నా. మన చిత్తూరు జిల్లా ఆయనే, 1993లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది ఆ పుస్తకానికే. ముందే చదివింది కావాలనే తెమ్మన్నా, అట్టాంటప్పుడు కొత్త పుస్తకం బుర్రకెక్కదు, తెలిసిన కథైతే చెయ్యి పట్టుకున్నట్టు ఉంటాది. ఒకే పేరా నాలుగుసార్లు చదివినా పర్వాలేదు, ఆ కాసేపు ఊపిరి నిదానంగా ఆడతాది.

పేషెంటుకి కూడా మెల్లగా చదివి వినిపించండి. మాయమ్మ నిద్రపోయిందనుకోని ఆపితే, కళ్ళు తెరవకుండానే "ఊ, ఆమైన?" అనేది. ఆ మాట విన్నాకే నాకు ధైర్యమొచ్చింది.

పెద్దక్షరాల పుస్తకమైతే మేలు, రాత్రి వార్డులో లైట్లు తగ్గించేస్తారు కదా, చిన్న టార్చి కూడా పెట్టుకోండి.